పొగమీద టర్కీ కోడి: ముందురోజే సగం పని తీర్చేసే చిట్కాలు

తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళతో పాటు మా పెద్దలు గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి ఇటు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. ఈ మాన్వి, సింధనూరు వైపు క్యాంపుల్లో కోడి కూర వండటం ఎవరికీ నేర్పక్కర్లేదు. కానీ అమెరికాలో ఉన్న మన పిల్లలు నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్ అని టర్కీ కోడిని బొగ్గుల పొగమీద వండుతారు. డిసెంబరులో సెలవుకి ఇంటికొచ్చి అదే కావాలంటారు. క్రిస్మస్ చేసుకునే ఇళ్ళలోనూ ఈమధ్య టర్కీ మాట వినబడుతోంది. అంత పెద్ద కోడిని చూసి కంగారు పడకండి. రుచంతా పొగబెట్టే డ్రమ్ము ఎక్కించక ముందు మనం చేసే పనిలోనే ఉంది. నేను చేసి చూసినవే చెబుతున్నాను, రాసి పెట్టుకోండి.

కోడిని తెచ్చేటప్పుడు

1. పుంజు జోలికి పోకుండా పెట్టనే తీసుకోండి. మాంసం మెత్తగా ఉంటుంది, శుభ్రం చేశాక నాలుగు, నాలుగున్నర కిలోలు తూగితే డ్రమ్ములో చక్కగా పడుతుంది, పదిమంది తృప్తిగా తింటారు.

2. బతికున్న కోడిని కొంటే, ఆ తూకంలో సుమారు ముప్పాతిక వంతే చేతికి వస్తుందని లెక్కేసుకోండి. ఆరు కిలోల కోడి కొంటేనే మీకు నాలుగున్నర కిలోలు మిగిలేది.

3. రొమ్ము ఎముక కొసను వేలితో నొక్కి చూడండి. కాస్త వంగితే లేత కోడి, వంగకుండా గట్టిగా ఉంటే ముదురు. ముదురుదాన్ని పొగకి పెట్టి బొగ్గులు దండగ చేసుకోవద్దు, కుక్కర్లో పులుసు పెట్టుకుంటే బ్రహ్మాండంగా ఉంటుంది.

4. పెంచుకునే వాళ్ళయితే చిన్న జాతి పిల్లల్నే అడగండి. అమెరికా వాళ్ళు చిన్న కుటుంబాలకి, చిన్న పొయ్యిలకి సరిపోవాలనే బెల్ట్స్‌విల్ స్మాల్ వైట్ అనే జాతిని తయారు చేసుకున్నారు. దాన్ని మన నల్ల టర్కీతో కలిపి చెన్నైలోని నందనం కేంద్రంలో నందనం టర్కీ-1 తీశారు.

5. కోడి కొట్టేవాడితో కత్తి ఎత్తకముందే రెండు మాటలు గట్టిగా చెప్పండి: తోలు తీయొద్దు, ముక్కలు కొట్టొద్దు. మన దగ్గర అడగకుండానే రెండూ చేసేస్తారు, తర్వాత మీరు ఏం చేసినా లాభం లేదు.

6. తోలు తీసేసిన కోడే దొరికిందా? గట్టి పెరుగులో నూనె కలిపి దట్టంగా పట్టించి, మంట చూపించి మెత్తబరిచిన అరిటాకు కప్పి పొగకి పెట్టండి. తోలు రుచి రాదు గానీ మాంసం పీచులా ఎండిపోదు.

7. కోసిన రోజే వండొద్దు. ఒక రాత్రి, ఒక పగలు ఫ్రిజ్‌లో ఉంటే బిగుసుకున్న కండ వదులవుతుంది. అందుకే భోజనం ఆదివారమైతే కోడి శుక్రవారమే ఇంటికి రావాలి.

8. నగరం నుంచి గడ్డకట్టిన కోడి తెప్పిస్తే, ప్రతి రెండు కిలోలకీ ఒక రోజు చొప్పున ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వండి. మన రాయచూరు ఎండల్లో గట్టుమీద పెడితే పైన పాడవుతుంది, లోపల గడ్డ గడ్డగానే ఉంటుంది.

9. అమెరికాలో ఉన్న అమ్మాయిలకి ఒక మాట: కవరుమీద ఉప్పునీళ్ళు ఎక్కించినట్టు రాసి ఉంటే, మళ్ళీ ఉప్పు పట్టించకండి. మసాలా ఒక్కటే చాలు.

ఈకలు, శుభ్రం

10. ఈకలు పీకడానికి మరిగే నీళ్ళు వద్దు. వేలు పెట్టలేనంత వేడి, అంటే 60 డిగ్రీల దగ్గర, ఒకటి రెండు నిమిషాలు ముంచి తీయండి. మరిగే నీళ్ళలో తోలు ఉడికి చిరుగుతుంది, చిరిగిన చోట కొవ్వంతా కారిపోతుంది.

11. మిగిలిన నూగుకి ఎండు వరిగడ్డి మంటే మందు. క్యాంపుల్లో గడ్డికి కొదవా? కోడిని అటూ ఇటూ తిప్పుతూ చురుగ్గా కాల్చి పసుపు రాసి తుడిస్తే తోలు శుభ్రపడుతుంది, అప్పుడే కమ్మటి వాసన మొదలవుతుంది.

12. రెక్కల దగ్గర మొండి ఈకల్ని కనుబొమలు తీసే పట్టకారుతో లాగేయండి. చాకుతో గీకితే మొన తెగి లోపలే ఉండిపోతుంది.

13. తోక మొదట్లో పసుపచ్చగా ఉబ్బిన నూనె తిత్తి ఉంటుంది, దాన్ని చుట్టూ కోసి తీసేయండి. పొగలో గంటల తరబడి ఉన్నప్పుడు దాని నీచు వాసన మాంసమంతా ఎక్కుతుంది.

14. కార్జానికి అంటుకున్న పచ్చటి చేదు తిత్తిని చిట్లకుండా కొంచెం కార్జంతో సహా కోసేయండి. కొంచెం కార్జం పోతే పోయింది, చేదు అంటితే ఎంత కడిగినా వదలదు.

15. పక్కటెముకల సందుల్లో ఎర్రగా మెత్తగా ఉండే ఊపిరితిత్తుల్ని చెంచా వెనక భాగంతో గీరి తీయండి. అవి ఉంటే లోపల నుంచి నల్లటి నీరు కారుతుంది.

16. కందనకాయ, కార్జం, మెడ పారేయకండి. మెడ, కందనకాయ చారుకి దాచుకోండి. కార్జం మిరియాలతో వేయించి, పొద్దున్నే నిప్పు దగ్గర కూర్చున్నవాళ్ళకి పెట్టండి.

17. కడగడం ఒక్కసారే, అదీ బేసిన్‌లో నెమ్మదిగా. కుళాయి కింద పెట్టి దూకించి కడిగితే పచ్చికోడి నీళ్ళు గట్టంతా, పక్కనున్న గిన్నెలంతా చిందుతాయి, రోగాలు అక్కడే మొదలు.

18. కడిగాక పాత నూలు పంచె ముక్కతో లోపలా బయటా తడి లేకుండా అద్దండి. తడి ఉన్న తోలుకి మసాలా పట్టదు, పొగా సరిగా పట్టదు.

ఉప్పు: అసలు కీలకం ఇదే

టర్కీ అంటే చప్పగా, పిండిలా ఉంటుందని ముఖం తిప్పుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు తిన్నది ముందుగా ఉప్పు పట్టించని కోడి. ఇంత మందమైన కండకి వండేటప్పుడు వేసే ఉప్పు లోపలికి చేరదు. ముందు పట్టిస్తే చేరుతుంది, వేడికి నీరు కారిపోకుండా కండలోనే ఆగుతుంది.

19. కిలో కోడికి పది గ్రాముల ఉప్పు, అంతకు మించొద్దు. నాలుగు కిలోల కోడికి మెత్తటి ఉప్పయితే తలగొట్టి కొలిచిన ఏడు టీ చెంచాలు సరిపోతుంది.

20. రాళ్ళ ఉప్పు వాడితే ముందు దంచి, తూకం వేసుకోండి. చెంచా కొలత రాళ్ళ ఉప్పుకి అసలు కుదరదు.

21. ఉప్పులో ఎక్కువ భాగం బ్రెస్ట్‌కీ తొడలకీ వెళ్ళాలి, రెక్కలకి చిటికెడు చాలు, మిగిలింది కడుపు లోపల. అంతటా సమానంగా చల్లితే రెక్కలు ఉప్పుకషాయం, బ్రెస్ట్ చప్పిడి.

22. ఉప్పు పట్టించి ఒకటి నుంచి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి, మళ్ళీ కడగొద్దు. మొదట నీరు ఊరుతుంది, తర్వాత అదే లోపలికి ఇంకుతుంది, పారబోయకండి.

23. చివరి రాత్రి మూత తీసి ఉంచండి. ఫ్రిజ్ గాలికి తోలు ఆరి బిగుసుకుంటుంది. కింద పళ్ళెం పెట్టి అట్టడుగు అరలోనే ఉంచండి, పచ్చికోడి నీరు పెరుగుమీద పడకూడదు.

24. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో కోడి పట్టకపోతే ఒక అర తీసేయండి. అప్పటికీ పట్టకపోతే 33వ చిట్కాలో చెప్పినట్టు పరిచేస్తే పెద్ద పళ్ళెంలో ఇమిడిపోతుంది.

25. కరెంటు పోతుందని భయమా? ముందురోజే నీళ్ళ సీసాలు గడ్డకట్టించి కోడి చుట్టూ పేర్చండి. ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే చాలాసేపు చల్లదనం నిలుస్తుంది.

26. ఉప్పునీళ్ళలో నానబెట్టే పద్ధతి ఉంది గానీ మన ఊరికి నేను చెప్పను. బకెట్ నీళ్ళని రాత్రంతా ఐదు డిగ్రీల లోపు చల్లగా ఉంచాలంటే మన వేడికి మూటల కొద్దీ ఐస్ కావాలి. పొడి ఉప్పుకి ఆ ఖర్చు లేదు.

27. నానబెట్టాలనే ఉంటే చిలికిన మజ్జిగ వాడండి. లీటరుకి 50 గ్రాముల ఉప్పు వేసి, గట్టి కవర్లో కోడీ మజ్జిగా పోసి ముడేసి ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెడితే కండ వెన్నలా మెత్తబడుతుంది. ఇలా చేస్తే పొడి ఉప్పు పూర్తిగా మానేయాలి.

మసాలా

28. తడి మసాలా తోలు కిందికి, పొడి మసాలా తోలు పైకి. ఈ ఒక్కటి గుర్తుంటే చాలు. అల్లం వెల్లుల్లి ముద్ద పైన రాస్తే మాడి చేదెక్కుతుంది, తోలు మెత్తగా సాగుతుంది.

29. మెడ వైపు నుంచి వేళ్ళు దూర్చి, గోళ్ళు తగలకుండా తోలుని బ్రెస్ట్ నుంచి మెల్లగా విడదీయండి. ఆ సందులో నెయ్యి, వెల్లుల్లి, అల్లం, దంచిన మిరియాలు, సన్నగా తరిగిన కరివేపాకు కలిపిన ముద్ద పెట్టి పైనుంచి తోసి సర్దండి. ఎండిపోయే బ్రెస్ట్‌కి ఆ నెయ్యే కాపు.

30. పైకి వేసే పొడికి బ్యాడగి మిరపకాయే మంచిది. రంగు నిండుగా వస్తుంది, ఘాటు తక్కువ కాబట్టి పిల్లలూ తింటారు. గుంటూరు కారం కావాలంటే లోపలి ముద్దలో కొద్దిగా కలపండి.

31. నా పొడి లెక్క: నాలుగు కిలోల కోడికి బ్యాడగి కారం మూడు చెంచాలు, ధనియాలు రెండు, మిరియాలు ఒకటి, జీలకర్ర ఒకటి, అన్నీ దోరగా వేయించి బరకగా కొట్టాలి. ఉప్పు ఇందులో వేయకండి, ముందే పట్టించాం.

32. కొన్న చికెన్ మసాలా వాడేవాళ్ళు ప్యాకెట్ వెనక చదవండి. చాలావాటిలో ఉప్పు ముందే కలిపి ఉంటుంది, రెండూ కలిస్తే కోడి మొత్తం పాడు.

33. వెన్నెముకకి రెండు వైపులా కత్తెరతో కోసి తీసేసి, బ్రెస్ట్ మీద అరచేత్తో గట్టిగా నొక్కి కోడిని పుస్తకంలా తెరిచి పరచండి. నాలుగు, నాలుగున్నర కిలోల కోడి మొత్తంగా అయితే నాలుగు నుంచి ఐదున్నర గంటలు తీసుకుంటుంది. పరిస్తే మూడు గంటలకి అటూ ఇటూగా అయిపోతుంది, బొగ్గులూ ఆదా. కోసిన వెన్నెముక చారుకి.

34. మొత్తంగానే కావాలంటే కడుపులో పులిహోర, బిర్యానీ కూరొద్దు. లోపలి అన్నానికి వేడి ఎక్కే లోపల అది పాడవుతుంది. ఒక ఉల్లిపాయ, ఒక నిమ్మచెక్క, రెండు రెబ్బల కరివేపాకు వదులుగా పెడితే వాసనకి అంతే చాలు.

35. రెక్కల కొసలు వెనక్కి మడిచి, కాళ్ళు నూలు దారంతో కట్టండి. ప్లాస్టిక్ కలిసిన దారం వేడికి కరుగుతుంది.

36. బెల్లం పొడిలో కలపొద్దు, ఆఖరి అరగంటలో పాకంగా పూయండి. నిమ్మరసం, బెల్లం, చిటికెడు మిరియాలు. తోలు ఎర్రగా మెరుస్తుంది, మాడదు.

37. పొగకి పెట్టే ముందు నూనె పలచగా రాసి, పొడి చల్లి, చేత్తో అద్దండి. రుద్దితే పొడి ఉండలు కడుతుంది.

డ్రమ్ము, బొగ్గు, కట్టె

38. స్మోకర్ కొనక్కర్లేదు, వెల్డింగ్ షాపులో వంట నూనె డ్రమ్ముకి కింద గాలి కంతలు, పైన మూత, మధ్యలో ఇనుప జాలీ పెట్టించుకోవచ్చు. పురుగుమందు డ్రమ్ము మాత్రం ఎంత కడిగినా వద్దు. మన పొలాల్లో అవి ఊరికే దొరుకుతాయి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

39. కొత్త డ్రమ్ములో ముందు ఖాళీగా కట్టెలు మండించి రంగు, పూత మొత్తం కాల్చేయండి. జాలీకి జింకు పూత తీగ వాడొద్దు, వేడికి దాన్నుంచి వచ్చే పొగ మంచిది కాదు, మామూలు ఇనుము లేదా స్టీలు పెట్టించండి.

40. బొగ్గుకి మన సర్కారు తుమ్మని మించింది లేదు. ఇక్కడి కన్నడ వాళ్ళు బళ్ళారి జాలి అంటారే, అదే. అమెరికాలో మాంసం పొగబెట్టడానికి పేరుపడ్డ మెస్కీట్ కట్టె దీని దాయాదే. అక్కడ డబ్బు పోసి కొనేది మన కాలువ గట్టుమీద పెరుగుతోంది.

41. పొగకోసం మామిడి, జామ, సపోటా కట్టె ముక్కలు రెండు మూడు చాలు. బాగా ఎండి ఉండాలి. పచ్చి కట్టె పొగ మసిని పూస్తుంది.

42. వేప వద్దు, చేదు. గన్నేరు, జిల్లేడు దగ్గరికి కూడా రానీయొద్దు, విషం. పత్తి కట్టె, మిరప కట్టె మందు కొట్టినవి, రంగేసిన చెక్క, ప్లైవుడ్ ఇవేవీ పనికిరావు.

43. కిరోసిన్ చుక్క కూడా పోయొద్దు, ఆ వాసన చివరిదాకా పోదు. అడుగున కంతలు కొట్టిన పాత రేకు డబ్బాలో కింద కాగితం, పైన బొగ్గులు వేసి వెలిగిస్తే పావుగంటలో నిప్పు తయారు.

44. డ్రమ్ములో వెలిగించని బొగ్గులు నాలుగైదు కిలోలు పరిచి, నడుమ గుంట చేసి, గుప్పెడు నిప్పులు అందులో వేయండి. నిప్పు మెల్లగా పక్కకి పాకుతుంది, గంటకోసారి బొగ్గు వేసే పని తప్పుతుంది.

45. జాలీ కింద వేడినీళ్ళ పళ్ళెం పెట్టండి. కొవ్వు నిప్పుమీద పడి మంట లేవదు, వేడి నిలకడగా ఉంటుంది. చన్నీళ్ళు పోస్తే వేడెక్కడానికే బొగ్గంతా ఖర్చు.

46. డ్రమ్ముని వరిగడ్డి వాముకి, పశువుల పాకకి దూరంగా, గాలి ఎదురు లేనిచోట పెట్టండి. వాన వచ్చినా వరండా లోపలికో ఇంట్లోకో తేవద్దు, బొగ్గు పొగ ప్రాణాలు తీస్తుంది.

పొగమీద

47. డ్రమ్ము వేడి 120 నుంచి 135 డిగ్రీల మధ్య ఉంచండి. 110 కంటే తగ్గితే ఇంత పెద్ద కోడి లోపల సమయానికి వేడెక్కదు, తోలు రబ్బరులా సాగుతుంది.

48. వేడి తగ్గించాలన్నా పెంచాలన్నా కింది కంతలతోనే. పైకంత ఎప్పుడూ తెరిచే ఉండాలి, మూస్తే పొగ నిలిచి చేదెక్కుతుంది.

49. దట్టమైన తెల్లపొగ వస్తున్నంతసేపూ కోడి పెట్టకండి. పొగ పలచబడి నీలంగా కనబడ్డాకే పెట్టండి.

50. మూత ఊరికే ఎత్తి చూడొద్దు. ఎత్తిన ప్రతిసారీ వేడి పడిపోతుంది, భోజనం ఆలస్యమవుతుంది.

51. మాంసం లోపల గుచ్చే థర్మామీటర్ ఒకటి కొనండి, ఈ వంటలో డబ్బు పెట్టాల్సింది దానికే. బ్రెస్ట్ మందంలో ఎముకకి తగలకుండా గుచ్చితే 74 డిగ్రీలు చూపాలి, తొడలో 80 అయితే ఇంకా మెత్తగా ఉంటుంది.

52. రంగు చూసి మోసపోకండి. పొగకి తోలు కింద మాంసం గులాబీ రంగులోనే ఉంటుంది, అది పచ్చి కాదు. థర్మామీటర్ చెప్పిందే వినండి.

53. బ్రెస్ట్ ముందే రంగు తిరిగితే దానిమీద మాత్రం ఫాయిల్ వదులుగా కప్పండి. తొడలు తమ పని తాము చేసుకుంటాయి.

54. దించగానే కోయకండి, అరగంట ఆగండి. కాగే రసం కండలోకి తిరిగి చేరుతుంది. ఫాయిల్ బిగించి చుట్టితే తోలు మెత్తబడుతుంది, పైన వదులుగా కప్పితే చాలు.

55. ముందు కాళ్ళు, తొడలు విడదీసి, తర్వాత బ్రెస్ట్‌ని ఎముక వెంబడి మొత్తంగా తీసి అడ్డంగా ముక్కలు కోయండి. పొడుగ్గా కోస్తే పీచుపీచుగా వస్తుంది. లెగ్ పీసులో గట్టి నరాలు పట్టకారుతో పట్టి లాగితే వచ్చేస్తాయి, పిల్లల గొంతుకి అడ్డుపడవు.

మిగిలితే

56. రెండు గంటల్లోపు ఎముకల నుంచి మాంసం విడదీసి, చిన్న గిన్నెల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు రోజుల్లో తినేయండి, మళ్ళీ తినేముందు పొగలు వచ్చేలా వేడిచేయండి.

57. మర్నాడు పొద్దున్న జొన్నరొట్టెలోకి: ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయించి, పీచు చేసిన టర్కీ వేసి నిమ్మకాయ పిండండి. పది నిమిషాల్లో టిఫిన్ సిద్ధం, రొట్టె మాత్రం వేడిగా ఉండాలి.

58. ఎముకలు, వెన్నెముక, మెడ కుక్కర్లో వేసి మిరియాలు, వెల్లుల్లితో నాలుగైదు కూతలు రానిస్తే పొగ వాసనతో చారు వస్తుంది. కూర అక్కర్లేదు, వేడి అన్నంలోకి అదొక్కటే చాలు.

59. మొదటిసారి టర్కీతో మొదలుపెట్టడానికి ధైర్యం చాలకపోతే, రెండు లేత నాటుకోళ్ళని ఇదే ఉప్పు, ఇదే పొడి, ఇదే డ్రమ్ముతో చేసి చూడండి. అవి రెండు గంటల లోపే అవుతాయి, నిప్పు మీద మీకు చెయ్యి తిరుగుతుంది. వచ్చే డిసెంబరుకి టర్కీ పెట్టని ఇప్పుడే చెప్పి ఉంచుకోండి, పండగ ముందు వారం అడిగితే మంచి పెట్ట దొరకదు.